వార్త వదిలే చెయ్యి

విరూపాక్ష లెక్కలో దుకాణం అంటే ముగ్గురు. తూకం వేసేవాడు వేరు, చిట్టీ రాసేవాడు వేరు, గల్లా తాళం ఉన్నవాడు వేరు. జహీరాబాద్‌లో ఆయన అల్లం వ్యాపారం ఇన్నేళ్లు నిలబడింది ఈ పద్ధతి మీదే. అన్న కూతురు శిల్ప తమ లింగాయత్ సమాజం కోసం వార్తల యాప్ తయారు చేస్తూ, "ఎవరెవరు ఏం పని చేస్తరో చెప్పు కాకా. దాన్ని బట్టి ఎవరికి ఏ బటన్ కనపడాల్నో పెడతా" అని అడిగితే, ఆయన ఈ లెక్కే చెప్పాడు.

యాప్‌లో వార్త రాసేది మహాదేవమ్మ. ఎవరింట్లో ఎవరు పోయినా మొదటి పిలుపు ఆమెకే, కడసారి స్నానం చేయించేదీ ఆమే. వార్తను అందరి ఫోన్లకూ వదిలేది మాత్రం విరూపాక్ష ఒక్కడే.

"చావు వార్త గూడ నీ కాడ ఆగాల్నా?" అంది శిల్ప.

"ఆగాలె. బతికున్నోళ్లకు లింగైక్యం అని పెడితే ఎవడు మొఖం చూపిస్తడు?"

"నువ్వు ఫోన్ చూడకపోతే?"

"దందా చేసేటోడు ఫోన్ చూడకుంట ఉంటడా పిల్లా!"

నిజమే, ఒక్క బేరం వేళ తప్ప. బేరానికి కూర్చున్నప్పుడు ఆయన ఫోన్ ఆపేసి జేబులో పెడతాడు. మధ్యలో ఎవరైనా ఫోన్ చేసి బీదర్ మార్కెట్ ధర చెబితే రైతు చెవిన పడుతుందని. ఆ అలవాటు సంగతి శిల్పకు చెప్పాలని ఆయనకు తోచలేదు.

యాప్ మొదలైన కొన్నాళ్లకు ఒక రోజు, కోహీర్ దగ్గర తమ సమాజానికే చెందిన అల్లం రైతు జగ్గయ్య చేను గట్టున విరూపాక్ష బేరానికి కూర్చున్నాడు. జగ్గయ్య ఒక గడ్డ విరిచి ఆయన ముక్కు దగ్గర పెట్టాడు.

"గిది అల్లం గాదంటవా సేటు? ముక్కు పోయిందా నీకు?"

"ముక్కున్నది గాబట్టే మట్టి వాసన గూడ కొడుతున్నది."

ఇద్దరూ నవ్వుకున్నారు. చాయ్ తాగారు. బేరం కుదిరేసరికి పొద్దు నడినెత్తి దాటింది.

ఫోన్ తెరిస్తే ఒక వార్త ఆయన అనుమతి కోసం కాచుకుని ఉంది. పొద్దున్నే మహాదేవమ్మ రాసింది. జహీరాబాద్‌లో లక్ష్మమ్మ లింగైక్యం, మధ్యాహ్నం మట్టి.

లక్ష్మమ్మ జగ్గయ్యకు సొంత అక్క. హద్దు తగాదాలో బావతో మాట చెడి, ఆ గడప తొక్కి ఏళ్లయింది. తగాదా ఉన్నవాళ్లకు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు, చెబితే తగ్గినట్టు. కానీ సమాజం చావు వార్త వేస్తే అది అందరికీ పిలుపే. ఎంత పగ ఉన్నా వెళ్లి ముఖం చూడొచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. జగ్గయ్యకున్న ఆ ఒక్క దారీ పొద్దుటి నుంచి విరూపాక్ష జేబులో మూసి ఉంది.

ఇప్పుడు బటన్ నొక్కితే ఎదురుగా జగ్గయ్య ఫోన్ మోగుతుంది. తనకూ అప్పుడే తెలిసినట్టు ముఖం పెట్టొచ్చు. బేరాల్లో అలాంటి ముఖాలు ఎన్నో పెట్టాడు.

నొక్కలేదు.

"జగ్గన్నా, లక్ష్మక్క పోయింది. పొద్దుగాల్నే. వార్త నా కాడ ఆగింది. నేను ఫోన్ బందు పెట్టిన."

జగ్గయ్య గట్టు మీంచి లేచాడు.

"మట్టి అయిందా?"

"తెల్వదు. కారెక్కు."

దారిలో ఎన్నిసార్లు కలిపినా మహాదేవమ్మ ఫోన్ ఎత్తలేదు. వాళ్లు చేరేసరికి రుద్రభూమిలో పూడ్చేసి, మట్టి సమం చేస్తున్నారు.

మహాదేవమ్మ ఎదురొచ్చింది. "పొద్దుగాల్నే పంపిన గదా విరూపాక్షా! పంపబడింది అని పచ్చగ వచ్చె. నీకు జేరిందనుకున్నం జగ్గయ్యా. కోపం ఇంక సల్లారలే, అందుకే రాలేదనుకున్నం. మీ బావ గూడ నీ కోసమే జర సేపు ఆపిన్రు."

జగ్గయ్య ఇద్దరినీ దాటి మట్టి వైపు నడిచాడు. ఆయన తిట్టి ఉంటే విరూపాక్షకు కొంత బరువు దిగేది.

మట్టికి వచ్చి పక్కనే ఉన్న శిల్పతో విరూపాక్ష మెల్లగా అన్నాడు: "చావు వార్తలకెల్లి నా చెయ్యి తీసెయ్. మహాదేవమ్మ రాస్తే సీదా అందరికి పోవాలె."

"తప్పు వార్త పోతే కాకా?"

"తప్పయితే మాఫీ అడిగి తీసెయ్యొచ్చు. గీ కడసారి చూపు యాడికెల్లి తెచ్చియ్యాలె?"

శిల్ప తల దించుకుంది. "పంపబడింది అన్న మాట నాది కాకా. నీ కాడ ఆగింది అని రాయాల్సుండె."

జగ్గయ్య మట్టి దగ్గరే నిలబడ్డాడు. లింగైక్యమైన వాళ్లను తమలో కూర్చోబెట్టే పూడుస్తారు.

"అక్క మొఖం ఎటు దిక్కు పెట్టిన్రు?" అని అడిగాడు.

"తూర్పుకు," అంది మహాదేవమ్మ.

జగ్గయ్య చుట్టూ తిరిగి తూర్పు వైపు వెళ్లి, తలపాగా తీసి, ఆ మట్టికి ఎదురుగా కూర్చున్నాడు.