రెండు గొట్టాలది

బుట్ట మీది గడ్డి తీయకుండానే, వాసన చూసి, లోపలి కాయ ఏ తోటదో చెప్పగలడని నూజివీడు మామిడి మండీలో లక్ష్మీనారాయణకు పేరు. బొంబాయి నుంచి వచ్చిన బేరగాళ్ళు కూడా ఆయన ముందు నోరు తగ్గించి మాట్లాడేవారు. అలాంటి మనిషి ఆ మే నెల పొద్దున తన తోటలోనే, మోటబావి ఒడ్డున పరిచిన గోనెపట్టాల మీది సరుకు చూస్తూ ఏమనాలో తోచక నిలబడిపోయాడు.

పట్టాల మీద రెండు గాలి సిలిండర్లున్నాయి. ఒకటి పసుపు రంగుది, కొత్త ఇత్తడి బిందెలా మెరుస్తోంది. రెండోది బూడిద రంగుది, పెచ్చులూడి ఉంది. వాటి పక్కనే కళ్ళనూ ముక్కునూ కలిపి మూసే అద్దాల మాస్కులు, పాదాలకు తొడుక్కునే రబ్బరు రెక్కలు, సీసపు దిమ్మలు గుచ్చిన బెల్టులు. ఇవన్నీ తగిలించుకుంటే మనిషి నీళ్ళ అడుగున గాలి పీలుస్తూ తిరగొచ్చునట. తిరగబోయే మనిషి ఆయన కూతురు వాసవి.

వాసవి వాల్తేరులో జంతుశాస్త్రం చదివి, అక్కడే రీసెర్చిలో చేరింది. సముద్రం అడుగున రాళ్ళను కరుచుకుని బతికే జీవాల మీద ఆమె పని.

"వలేసి లాగితే పైకొచ్చేవన్నీ చచ్చినవీ, చితికినవీ నాన్నగారూ. ఒక్కదాన్నయినా బతికుండగా చూడకుండా వాటి గురించి నేనేం రాయను?" అని అడిగింది ఒకసారి.

చలికాలంలో వాల్తేరులో కొందరికి సముద్రంలోకి దిగడం నేర్పిస్తారనీ, సొంత సామాను ఉన్నవాళ్ళనే చేర్చుకుంటారనీ చెప్పింది. మామిడి పూత మీద ఉన్నప్పుడు అడిగితే, కాయ కోతకొచ్చాక ఒప్పుకున్నాడు లక్ష్మీనారాయణ. అదీ ఒక షరతు మీద. "ముందు మన బావిలో, నా కళ్ళెదుట దిగాలి. సముద్రం సంగతి ఆ తర్వాత."

నేర్పబోయే మనిషి జోజిబాబు. నేవీలో డైవరుగా చేసి రిటైరయ్యాడు. సొంతూరు జి. కొండూరు. విశాఖపట్నం రేవులో ఓ విదేశీ ఓడ ఇంజనీరు తనకు వదిలిపెట్టి వెళ్ళిన రెండు సెట్లనూ, సిలిండర్లు అక్కడే గాలితో నింపించి, ఊరికి వస్తూ తెచ్చాడు. వాసవి వాటిలో ఒకటి ఎంచుకోవాలి.

ఆ పూట కోత కూలీలను ఆలస్యంగా రమ్మన్నారు. ఆయిలింజను ఆపేశారు. వాసవి తమ్ముడి లాగూ, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, జడ చుట్టి ముడేసుకుంది. ఆ వేషం చూడలేక తల్లి సీతారావమ్మ బావి వైపు వీపు పెట్టి మామిడి చెట్టు కింద కూర్చుంది.

"ముందు మాస్కు చూడమ్మా," అన్నాడు జోజిబాబు. "పట్టీ పెట్టుకోవద్దు. ఊరికే ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చు. చేతులు తీసేసినా ఊడిపోకుండా ఉండాలి."

పెద్ద అద్దమున్న మాస్కు వాసవి చెయ్యి తియ్యగానే జారి పడింది. నల్లగా, చిన్నగా, చూడ్డానికి ఏమీ బాగోలేని రెండోది మాత్రం ముఖానికి అతుక్కుపోయింది. తల ఊపినా కదల్లేదు. రబ్బరు రెక్కల దగ్గరా పేచీ రాలేదు. ఒక జత మరీ వదులు, రెండోది సరిపోయింది.

అసలు చిక్కు సిలిండర్ల దగ్గర వచ్చింది.

పసుపు సిలిండరు మెడకు అద్దంలా మెరిసే గుండ్రటి డబ్బా, దానికి రెండు వైపులా మడతలు మడతలుగా లావుపాటి రబ్బరు గొట్టాలు. రెండూ వచ్చి నోట్లో పెట్టుకునే ముక్క దగ్గర కలుస్తాయి. బూడిద రంగు దానికి ఉన్నది ఒకే ఒక సన్నటి గొట్టం. వాసవి రెండింటినీ వీపుకి తగిలించుకుని చూసింది. రెండింటిలోనూ గాలి పీల్చింది.

"ఈ పాతది నాకు తేలిగ్గా ఉంది నాన్నగారూ. పట్టీలు కూడా సరిపోయాయి," అంది.

లక్ష్మీనారాయణ ఆ పెచ్చులూడిన సిలిండరు కూతురి వీపు మీద ఉంటే చూడలేకపోయాడు.

"రెండు గొట్టాలది పెట్టుకుని, ఒక గొట్టందేంటమ్మా? ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది కదా!"

"అలా కాదండీ షావుకారు గారూ," అన్నాడు జోజిబాబు. "ఒకటి పీల్చే గాలికి, ఒకటి వదిలే గాలికి. ఏది పోయినా రెండూ పోయినట్టే. ఈ పసుపుది చాన్నాళ్ళు పెట్టెలోనే ఉండిపోయింది. ఆ పాతదాంతో నేను మొన్నటిదాకా నీళ్ళలో దిగాను."

"అంటే ఇది వాడనిదేగా. కొత్తదన్న మాట."

"కొత్తదంటే కొత్తదేనండీ, కానీ..."

"ముప్పై ఏళ్ళుగా సరుకు చూస్తున్నానయ్యా నేను," అన్నాడు లక్ష్మీనారాయణ. తన గొంతు అంత పెద్దదైందని ఆయనకే తెలియలేదు. "నా పిల్ల ప్రాణం ఆ తుప్పు ముక్క మీద పెట్టమంటారా?"

వాసవి తండ్రి ముఖం చూసింది. ఇంతదాకా ఒప్పించిందే గొప్ప, ఇక ఎదురు చెబితే మొత్తానికే అడ్డం తిరుగుతాడని అనుకుందేమో, "సరే నాన్నగారూ, ఇదే వేసుకుంటాను," అంది.

జోజిబాబు పసుపు సెట్టును ఇంకోసారి చూశాడు. గొట్టాల మీద చెయ్యి నిమిరాడు, తనూ నోట్లో పెట్టుకుని గాలి పీల్చాడు. తప్పేమీ కనపడలేదు. వాసవి నడుముకి తాడు కట్టి, కొస లక్ష్మీనారాయణ చేతికిచ్చాడు.

"మీరు ఒకసారి లాగితే బాగున్నావా అని. అమ్మాయి ఒకసారి లాగితే బాగున్నానని. గబగబా లాగితే పైకి తియ్యమని. అమ్మా, భయమేస్తే ముందు ఈ సీసం బెల్టు విప్పి పారెయ్. పైకొచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు, వదులుతూ రా."

బావిలో ఒక పక్క రాతి మెట్లున్నాయి. వేసవి కావడంతో నీళ్ళు దిగువకు పోయాయి, అయినా రెండు నిలువుల లోతుంటుంది. వాసవికి ఈత వచ్చు. చిన్నప్పుడు ఉంగుటూరులో అమ్మమ్మగారింటికి వెళ్ళినప్పుడు కాలవలో నేర్చుకుంది. లక్ష్మీనారాయణకు రాదు. మోకాలి లోతు దాటిన నీళ్ళలోకి ఆయన ఎన్నడూ దిగలేదు.

ఆమె ఒక్కో మెట్టూ దిగింది. నడుము దాకా, భుజాల దాకా. తల మునిగింది. బుడగలు గుప్పుగుప్పున పైకొచ్చాయి. లక్ష్మీనారాయణ తాడు లాగాడు. అటు నుంచి జవాబుగా ఒక లాగుడు వచ్చింది. కాసేపాగి మళ్ళీ లాగాడు. మళ్ళీ జవాబు వచ్చింది.

"దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి," అంది చెట్టు కింద నుంచి సీతారావమ్మ, తల తిప్పకుండానే.

అప్పుడు బుడగలు ఒక్కసారిగా కుండ బద్దలైనట్టు పైకి ఉబికాయి. తాడు చేతిలో గిలగిలా కొట్టుకుంది. లక్ష్మీనారాయణ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాడు. జోజిబాబు బట్టలతోనే దూకేశాడు. వాసవి పైకి వచ్చింది. నోట్లో ముక్క లేదు, మాస్కు పక్కకు తిరిగిపోయింది. దగ్గుతూ, కక్కుతూ, మెట్టు పట్టుకోబోయి పట్టు తప్పి, జోజిబాబు చేతుల్లోకి పడింది.

ఆమెను ఒడ్డుకు చేర్చి, వంచి, వీపు మీద చరిచారు. సీతారావమ్మ చెంగుతో కూతురి ముఖం తుడిచింది. భర్త వంక ఒకసారి చూసింది. ఆ చూపు కంటే నాలుగు మాటలన్నా బాగుండేదనిపించింది లక్ష్మీనారాయణకు.

"తల పక్కకి తిప్పానంతే," అంది వాసవి, మాట నిలదొక్కుకున్నాక. "నోట్లోకి ఒక్కసారిగా నీళ్ళొచ్చాయి. బెల్టు విప్పేశాను. ఇంతలో తాడు లాక్కుపోయి మెట్టుకి కొట్టింది." భుజం మీద చొక్కా చిరిగి, కింద చర్మం చెక్కుకుపోయి ఉంది.

జోజిబాబు పసుపు సెట్టు గొట్టాలను పట్టుకుని సాగదీశాడు. ఒకదాని మడత సందులో వెంట్రుకంత పగులు నోరు తెరిచింది. వదిలేస్తే మూసుకుపోతోంది.

"నిలువుగా పట్టుకుని చూశాను గాని సాగదీసి చూళ్ళేదు. నా తప్పేనండీ," అన్నాడు. "వాడకుండా ఉంటే రబ్బరు ఇలాగే పెట్లిపోతుంది."

లక్ష్మీనారాయణ ఆ పగులు కేసి చూస్తూ కూర్చున్నాడు. ఏరింది తను. వద్దన్న మనిషి నోరు మూయించింది తను. బండరాయికేసి కొట్టిందీ తనే. ఆడపిల్ల, ఇప్పటికి సరిపోయింది, ఇక చాలు అనాలి. అందామని తలెత్తాడు.

"నాన్నగారూ, ఆ రెండోది వేసుకుని మళ్ళీ దిగుతాను," అంది వాసవి.

"నీకేమన్నా పిచ్చా!" అంది సీతారావమ్మ.

"పిచ్చి కాదమ్మా. భయం. ఇదుగో చూడు." చెయ్యి చాపింది. వేళ్ళు నిలవడం లేదు. "ఇవాళ ఇలాగే ఇంటికి పోతే ఇంక జన్మలో దిగను. నా సంగతి నాకు తెలుసు."

ఆ మాటతో లక్ష్మీనారాయణకు దారి దొరికింది. ఇప్పుడు తను 'వద్దమ్మా' అంటే చాలు. గట్టిగా అనక్కర్లేదు కూడా. కూతురు లేచి ఇంటికి వచ్చేస్తుంది, మళ్ళీ ఎప్పుడూ నీళ్ళ మాటెత్తదు. ఇన్ని నెలలుగా ఏ దేవుడికి మొక్కుకున్నా ఇదేగా తను కోరుకున్నది. ఆ ఒక్క మాట నోటి చివర దాకా వచ్చింది. వాసవి ఆయన వంకే చూస్తోంది. అనమని అడుగుతోందో, అనొద్దని అడుగుతోందో ఆయనకు అర్థం కాలేదు.

లేచి వెళ్ళి పసుల తొట్టి దగ్గరి పెద్ద బొక్కెనతో నీళ్ళు తెచ్చి పెట్టాడు.

"ఆ పాతదాని గొట్టం ఇందులో ముంచండి," అన్నాడు జోజిబాబుతో. "గాలి తిప్పి పెట్టండి. ఎటు వంచితే ఎక్కడ బుడగొస్తుందో చూద్దాం."

ఇద్దరూ ఆ గొట్టాన్ని అటూ ఇటూ వంచారు, మెలిపెట్టారు, సాగదీశారు. బుడగ రాలేదు. లక్ష్మీనారాయణ మళ్ళీ మొదటి నుంచీ చూద్దామన్నాడు. జోజిబాబు విసుక్కోకుండా మళ్ళీ మొదలుపెట్టాడు. పట్టీలు, బకిల్సు, రెండో సీసం బెల్టు కొక్కెం అన్నీ చూశారు. చివరికి ఇక చూడ్డానికేమీ మిగల్లేదు.

"నీ ఇష్టమేనా అమ్మా ఇది?" అని అడిగాడు కూతుర్ని.

"ముందు నుంచీ నా ఇష్టం ఇదే నాన్నగారూ."

ఈసారి ఆమె చాలాసేపు మెట్ల మీదే, మెడ లోతు నీళ్ళలో నిలబడిపోయింది. ఒకసారి తల ముంచి వెంటనే లేచింది. ఇంకోసారి ముంచింది, లేచింది. మూడోసారి మునిగి, లేవలేదు.

బుడగలు నిదానంగా వస్తున్నాయి. మెట్లు వదిలి మధ్యకు జరిగాయి. అక్కడి నుంచి అవతలి గోడ వైపుకు పోయాయి. ఆయన ఒకసారి లాగాడు. జవాబు వచ్చింది. ఇంక ఊరికే లాగకూడదని పళ్ళు బిగించి కూర్చున్నాడు. ఎండ వీపు మీదికి ఎక్కుతోంది. ఎక్కడో చెట్టు మీంచి పండొకటి తప్పున రాలితే ఉలిక్కిపడ్డాడు.

ఆగలేక మళ్ళీ లాగాడు. తాడు బిగిసింది గాని అటు నుంచి ఏమీ రాలేదు. మళ్ళీ లాగాడు. రాతికి కట్టినట్టుంది.

"జోజిబాబు గారూ, పలకడం లేదు."

"బుడగలు చూడండి. సమంగానే వస్తున్నాయి."

"తాడు ఎక్కడో పట్టేసింది."

"పట్టేసినట్టే ఉంది. లాగొద్దు. లాగితే ఇంకా బిగుస్తుంది. నేను దిగనా?" అంటూ జోజిబాబు మెట్ల మీదికి వెళ్ళి నీళ్ళలో కాలు పెట్టాడు.

లక్ష్మీనారాయణ ఒంట్లో ప్రతి నరమూ లాగమంటోంది. ఇందాక లాగిన చేతులే ఇవి. తాడును వదల్లేదు, బిగించలేదు, వదులుగా పట్టుకుని బుడగలనే చూస్తూ ఉండిపోయాడు. ఒక గుత్తి వచ్చింది. ఆగింది. ఇంకో గుత్తి వచ్చింది. వాటితో పాటే ఆయన కూడా ఊపిరి పీల్చి వదులుతున్నాడని పక్కకు వచ్చి నిలబడ్డ సీతారావమ్మ గమనించింది. ఆవిడ ఎప్పుడు లేచి వచ్చిందో ఆయనకు తెలియదు.

తాడు వదులైంది. ఒక్క లాగుడు వచ్చింది, నిదానంగా, స్పష్టంగా.

వాసవి పైకి వచ్చేసరికి నీళ్ళు కాస్త మురికెక్కాయి. మాస్కు నుదుటి మీదికి నెట్టుకుని, మెట్టు మీద కూర్చుని, నోట్లో ముక్క తీసింది. చూపు ఇంకా నీళ్ళలోనే ఉంది.

"తాడు గోడ రాయి కింద ఇరుక్కుంది. ముందు గుండె ఝల్లుమంది. మళ్ళీ అనుకున్నాను, గాలి వస్తోంది కదా, తొందరేముందని. నిదానంగా విప్పుకున్నాను." పిడికిలి తెరిచి తల్లి వైపు చాపింది. అరచేతిలో చిన్న ఆల్చిప్ప, అంచు కొద్దిగా తెరుచుకుని, వెలుగు తగలగానే మూసుకుంది. "మన బావిలో గోడ నిండా ఇవేనమ్మా. ఇన్నాళ్ళూ ఈ నీళ్ళు తాగుతున్నాం, ఒక్కరికీ తెలీదు."

సీతారావమ్మ దాన్ని వేలితో తాకి, వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎక్కణ్ణుంచి తెచ్చావో అక్కడే వదిలెయ్, పాపం," అంది.

పసుపు సెట్టును జోజిబాబు వెనక్కి తీసుకుపోయాడు. బూడిద రంగు సిలిండరు, ఆ చిన్న మాస్కు, రెక్కలు, సీసపు బెల్టు వాసవివయ్యాయి. వాల్తేరు ప్రయాణం నాడు లక్ష్మీనారాయణ ఆ గాలి గొట్టాన్ని మండీలో ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే గడ్డిలో పొదిగి, బుట్టలో కట్టాడు.

చలికాలంలో ఆమె సముద్రంలో దిగింది. ఆ తర్వాత ఎన్నోసార్లు దిగింది. తండ్రికి మాత్రం ఆ భయం పోలేదు. ఏ రోజు దిగేదీ తనకు ముందుగా చెప్పొద్దని కూతురితో ఒట్టు వేయించుకున్నాడు. ఆమె తల్లికి చెప్పేది. సీతారావమ్మ పొద్దున్నే తలంటుకుని, పలకరించినా పలక్కుండా వంటింట్లో తిరుగుతుంటే లక్ష్మీనారాయణకు తెలిసిపోయేది. అయినా తెలియనట్టే కండువా భుజాన వేసుకుని మండీకి వెళ్ళి, సాయంత్రం ఆవిడ ముఖం తేటపడిందో లేదో చూడ్డానికి అందరికంటే ముందు ఇంటికొచ్చేవాడు.