పోతమ్మ ముందుపళ్ళు

తవిటయ్యకు ఎవరి మీదైనా అనుమానం పుట్టిందంటే ఇక అంతే, బ్రహ్మదేవుడు దిగొచ్చి చెప్పినా వినడు. ఎనభై తొమ్మిదిలో ఆ అనుమానం సొంత పిన్నమ్మ పోతమ్మ మీద పడింది.

తమ్ముడు గంగరాజు పోర్టులో కలాసీ. బస్తాలు ఆడుతూ పాడుతూ ఎత్తేసేవాడు. అలాంటివాడు రెండు నెలల్లో పుల్లలా అయిపోయాడు. ముందు నోట్లో తెల్లటి పూత, తర్వాత జ్వరం, ఆపైన తల పగిలిపోయే నొప్పి. మెడ వంగదు. ఒక మనిషి ఇద్దరుగా కనబడుతున్నాడంటాడు. గోపాలపట్నంలో చూపించని డాక్టరు లేడు, సింహాచలం అప్పన్నకు మొక్కని మొక్కు లేదు. చివరికి పెద్దాసుపత్రిలో చేర్చారు.

"ఇది రోగం కాదురా, సిల్లంగి, సేతబడి" అన్నాడు తవిటయ్య, బావమరిది ఎల్లారావుతో. "పిన్నమ్మే పెట్టీసింది. దానికి పిల్లల్లేరు, మావోడంటే కుళ్ళు. రోజూ ఒచ్చి ఆడి తల నిమరతాది. నిమిరిన కాడే గదా నొప్పి!"

చూశారా, ప్రేమగా తల నిమిరినా తప్పే! వీడికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది. పెందుర్తి భూతవైద్యుడు ఇంకాస్త ఎగదోశాడు. చిల్లంగి పెట్టిన మనిషి ముందుపళ్ళు రెండూ పీకేస్తే మంత్రానికి నోరు తిరగదు, రోగి లేచి కూర్చుంటాడు అన్నాడు. మంగళవారం పదకొండు గంటలకు ముహూర్తం పెట్టుకున్నారు. పటకారు తాను తెస్తానన్నాడు ఎల్లారావు.

ఆ పొద్దున్నే డాక్టరమ్మ రమ్మంటోందని కబురొచ్చింది. "నాను ఆ యేలకి ఒచ్చీత్తాను" అని తవిటయ్య బస్సెక్కాడు.

"మీ తమ్ముడి మెదడు పొరల్లోకి బూజు పాకింది. వెన్నులోంచి తీసిన నీటిలో కనబడింది" అంది డాక్టర్ కనకరత్నం. "చాలా అరుదు. మామూలుగా ఒళ్ళే దాన్ని అణిచేస్తుంది. అందుకే అనుమానమొచ్చి రక్తం మద్రాసు పంపించాం. ఎయిడ్స్ తెచ్చే క్రిమి ఉందట."

తవిటయ్య ఎగిరిపడ్డాడు. "నా తమ్ముడు అలాటోడు కాడమ్మా!"

"ఆ మాట నేనన్నానా? నాలుగేళ్ళ కిందట కాలు నలిగినప్పుడు రక్తం ఎక్కించారట. నువ్వే ఇచ్చావని అతని భార్య చిలకమ్మ చెప్పింది. ఆమెకీ పరీక్ష చేయాలి, నీకూ చేయాలి. చెయ్యి చాపు."

తవిటయ్య చెయ్యి చాపాడు. ఇచ్చిందెక్కడ, పాపిష్టివాడు! ఆ రోజు సూది చూడగానే వీడికి పై ప్రాణాలు పైనే పోయాయి. రక్తమిస్తే ఒంట్లో సత్తువ మళ్ళీ రాదని భయపడి, ఆసుపత్రి గేటు దగ్గర రక్తం అమ్ముకునే ఓ బక్కమనిషిని లోపలికి పంపాడు. ఇంటికొచ్చి తానే ఇచ్చానన్నాడు. నాలుగేళ్ళుగా పేటంతా వీణ్ణి తమ్ముడి ప్రాణం నిలబెట్టిన అన్న అంటోంది.

"బతుకుతాడేటమ్మా?"

"మందు బొంబాయి నుంచి రావాలి. వచ్చినా మాట ఇవ్వలేను."

తిరుగు బస్సులో వీడి బుద్ధి ఎన్ని వంకలు పోయిందో! నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? ముసలిదాని పళ్ళు, ఇవాళ కాకపోతే రేపు ఊడేవే కదా అని కూడా అనుకున్నాడు. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. బస్సు దిగి పరుగెత్తాడు.

అప్పటికే పోతమ్మను అరుగు మీద పడేసి ఇద్దరు చేతులు పట్టుకున్నారు. ఎల్లారావు పటకారుతో ఆమె నోరు తెరుస్తున్నాడు.

"ఒగ్గీండి! ఆయమ్మ ఏటీ సెయ్యలేదు!"

ఎల్లారావు ఆగి అనుమానంగా చూశాడు. "నీకూ పెట్టీసిందేటి బావా? ఈవిడ కాపోతే మరెవులు సేసినారు?"

"నాను." అన్నాడు తవిటయ్య. "ఆడికి రగతం నాను ఇవ్వలేదు. బయపడి ఎవుడి రగతమో కొనీసినాను. అందులోనే ఒచ్చింది రోగం. పీకితే నా పళ్ళు పీకండి."

పట్టుకున్నవాళ్ళు చేతులు వదిలేశారు. పోతమ్మ లేచి కూర్చుంది. చిట్లిన పెదవిని కొంగుతో తుడుచుకుని, "గుంటడు బతుకుతాడేట్రా?" అని అడిగింది.

"మందు బొంబాయి నించి రావాలంట" అన్నాడు తవిటయ్య. ఆమె వాడి మొహంలోకి చూసింది.

"నీ రగతం తగ్గిపోనాదని" అంది మెల్లగా, "నెల్లాళ్ళు కార్జం వండి పెట్టినాన్రా నీకు."