కుక్క కోసం వెనక్కి దూకే సినిమా

గోదావరి పొంగి రెండు రోజులైంది. మా తండా మొత్తాన్ని హైస్కూలు మేడ మీది గదిలో పెట్టారు. చుట్టూ నీళ్ళు, మధ్యలో మేము, గోడకు పిల్లలకు పాఠాలు చెప్పే పెద్ద టీవీ. జనరేటరు నడిచినంతసేపూ సినిమాలే. నాది సెల్లుల కొట్టు. డబ్బింగు సినిమాలన్నీ నా పెన్‌డ్రైవులోనే ఉన్నాయి కాబట్టి ఏది చూడాలో, ఏది వదిలెయ్యాలో చెప్పే పని నా నెత్తినే పడింది. ఏడో తరగతిలో బడి మానేసినవాడిని తెచ్చి మళ్ళీ బడిలోనే పడేశారు.

"మొసలి సినిమా పెట్టు హాతీరాం బావా," అన్నాడు ధన్‌సింగ్.

"అది దండగ. మొసలి ఆఖర్ల పది నిమిషాలే కనబడ్తది. అందాక నలుగురు గట్టు మీద కూసొని కష్టాలు చెప్పుకుంటరు. నర్సు దయ్యానిది చూడొచ్చు. ఆ దయ్యం జెర పనిమంతురాలు."

వినలేదు. వరద సినిమాయే కావాలన్నారు. ఎక్కడో అమెరికా ఊరు మునిగిపోతుంటే గదంతా ఒకటే నవ్వు.

"గవి నీళ్ళానే? బురదేది? పాములేవి?"

"ఆమె జుట్టు సుత తడువలే, చూడు!"

ఇంతలో మిద్దె ఎక్కి బతికిపోయిన హీరో, కింద కట్టేసిన కుక్క కోసం మళ్ళీ నీళ్ళలోకి దూకాడు.

"ఎర్రోడు! ముందుగాల్నే విప్పొద్దా?" అంది నా భార్య మంగ్లి. "మేం బర్రెను విప్పినంకనే ట్రాక్టరెక్కినం."

అది మా దగ్గర అందరూ చేసేదే. నీళ్ళొస్తున్నాయంటే పశువులను విప్పి వదిలేస్తాం. అవే ఈదుకుంటూ గట్టెక్కుతాయి. బయల్దేరేటప్పుడు మంగ్లి అడిగితే విప్పానని చెప్పాను. విప్పలేదు. పోయినేడు విప్పితే నీళ్ళు వాకిటి దాకా వచ్చి వెనక్కి పోయాయి. మా బర్రె మాత్రం ధన్‌సింగ్ పత్తిచేనంతా తొక్కింది. పెద్దమనుషుల ముందు తల వంచుకుని నిలబడ్డాను. ఈసారీ ఉత్త బెదిరింపే అనుకుని ఇనుప గొలుసు వేసి వచ్చాను. మా కొట్టం దిబ్బ మీద ఉంది. అక్కడ నడుంలోతు నీళ్ళు ఉన్నాయని పొద్దున బోటువాళ్ళు అనుకుంటుంటే విన్నాను.

టీవీలో కుక్క మొరుగుతోంది. కూర్చోలేకపోయాను. మంగ్లిని వరండాలోకి పిలిచాను.

"విప్పలే."

"ఏంది?"

"బర్రెను. గొలుసు మీదనే ఉన్నది."

"సూడిది గదయ్యా, కడుపుల దూడున్నది," అంది. మరుక్షణం మెట్లు దిగి పరుగెత్తింది.

నేనూ వెనకే దిగాను. కింద బోటు బయల్దేరబోతోంది.

"సార్, మా అత్త ఇంట్లనే ఉండిపోయింది. నడువలేదు. జల్దీ తండాకు పోనియ్యుండ్రి!"

బోటులో ఉన్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. "రెండు రోజులు ఏం చేసిండ్రమ్మా? వాగవతల గుడిసెల్ల ఏడుగురున్నరని అటు పోతున్నం." ఇంజను దగ్గరున్నవాడి వైపు తిరిగాడు. "ముందు తండాకు పోనియ్."

మా అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. మంగ్లి నా మొహం చూడటం లేదు. నేను నోరు మూసుకుంటే చాలు. తాడు విప్పారు. ఇంజను మోగింది.

"సార్," అన్నాను. "అక్కడ మనిషెవరు లేరు. బర్రె ఉన్నది."

ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. బోటు వాగు వైపు వెళ్ళిపోయింది.

మంగ్లి మెట్టు మీద కూలబడింది. "ఏడాదికొక్క నిజం చెప్తవ్. గది గిప్పుడే చెప్పాల్నా?"

మేడ మీది నుంచి ధన్‌సింగ్ ఇంకో సినిమా పెట్టమని కేకేస్తున్నాడు.

"గొలుసు ఎంతుంటది?" అని అడిగింది.

"రెండు మూరలు."

ఆమె నీటి అంచున ఉన్న మెట్టు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. చూస్తుండగానే వేళ్ళు తడిశాయి.