ముందుకు నడిచిన నాట్లు

కొల్లేటి పక్క పల్లెలో నాట్లు వేసే యేసమ్మ, మిషను బడి పంతులమ్మ లిడియాతో కలిసి ఏలూరులో మధ్యాహ్నం ఆటకు వెళ్ళింది. కూలివాళ్ళ కథతో టాకీ వచ్చిందని విని ఎంతో ఆశపడింది.

తెర మీద కథానాయిక పట్టుచీర కట్టుకుని, పాట పాడుతూ, ముందుకు నడుస్తూ నాట్లు వేసింది. యేసమ్మ చివాలున లేచింది.

“ఏంటండీ ఇది! నాటేటప్పుడు వెనక్కి కదా నడవాలి! ముందుకెళ్తే నాటిన మొక్కల్ని తొక్కెయ్యదా? ఒంటికి బురద చుక్కయినా అంటలేదు!”

నేల మీద కూర్చున్న ఆడవాళ్ళందరూ “నిజమేనండీ!” అని గోల చేశారు. గేటు దగ్గరి మనిషి కూర్చోమని కసిరాడు. యేసమ్మ విసవిసా బయటికి వచ్చేసింది. వెనకే వచ్చిన లిడియా నవ్వుతూ అడిగింది.

“పోయిన నెల టాకీలో దేవతలు గాల్లో ఎగిరితే చప్పట్లు కొట్టావుగా, యేసమ్మా?”

“ఆకాశం సంగతి నాకేం తెలుసండీ? చేను సంగతి తెలుసు. ఇరవై ఏళ్ళుగా నడుం వంచుతున్నాను. మా పని చూపించాలనుకున్నవాళ్ళు ఒక్కరోజు గట్టు మీద నిలబడి చూడొద్దా?”

లిడియా నవ్వు ఆగిపోయింది. యేసమ్మను పోస్టాఫీసుకు తీసుకెళ్ళి, ఒక కార్డు కొని, ఆ మాటలన్నీ మద్రాసులోని టాకీ కంపెనీకి రాసింది. కింద యేసమ్మ గట్టిగా అదిమి వేలిముద్ర వేసింది.