కట్ట చివర ఎర్ర టవల్

పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడిచేవాళ్లను చూస్తే రాజమౌళికి నవ్వొచ్చేది.

"గీళ్లకు పనిలేదానే బిడ్డా? అటు పోతాండ్లు, మళ్ల ఇటే వస్తాండ్లు. ఏమన్న పారేసుకున్నరా, దేవులాడుతాండ్లు?"

యమున చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ తండ్రి పక్కన బెంచీ మీద కూర్చుంది. గేటు లోపలికి రాగానే ఉండే మొదటి బెంచీ అది. వాళ్లు వచ్చిన రోజు నుంచీ దాన్ని దాటి పోలేదు.

ఎండాకాలం మొదట్లో, ఊళ్లో, రాజమౌళి మోటరు పెట్టడానికి పొలానికి నడుస్తూ నడుస్తూ గుండెనొప్పితో ఒడ్డు మీదే కూలబడ్డాడు. ఊరికి ఆటో రావడానికి చాలాసేపు పట్టింది. హనుమకొండ దవాఖానలో గుండెకు స్టెంట్ వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒకటే మాట చెప్పాడు. "మందులు సగమే పని చేస్తాయి పెద్దాయనా. మిగతా సగం నీ కాళ్లే. రోజూ చదునుగా ఉన్నచోట నడువు. నడవకుంటే గుండెకు బలం రాదు, మళ్లీ నా దగ్గరికే వస్తావు."

అందుకే తండ్రీ కూతుళ్లు హనుమకొండలో మేనత్త సుకన్య ఇంట్లో ఉండిపోయారు. అమ్మ ఊళ్లో బర్రెలను చూసుకుంటోంది. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి కనుక నాయిన వెంట ఉండే పని యమునకు పడింది.

రోజూ ఇంటికి రాగానే అత్త అడిగేది.

"నడిచినవానే అన్నా?"

"ఓ... కట్టంత తిరిగొచ్చిన. అడుగు నీ కోడల్ని."

యమున ఉప్మా పళ్లెంలోకి చూసేది. ఊరి బడిలో సారు ప్రశ్న అడిగినప్పుడు జవాబు తెలిసినా పక్క పిల్ల చెవిలో చెప్పే రకం ఆమె. నాయిన అబద్ధం చెబుతున్నాడని అందరి ముందు ఎట్లా అంటుంది?

"మంచిగయింది," అనేది అత్త. "వదిన మొక్కింది ఎరికేనా? నీ కాళ్ల మీద నువ్వు పద్మాక్షమ్మ గుట్ట ఎక్కినంకనే ఊరికి రావాలెనట."

గుట్ట మాట వచ్చినప్పుడల్లా రాజమౌళి మంచినీళ్లు అడిగేవాడు.

నాయినకు సిగ్గనుకుంది యమున. పనిమీద తప్ప నడిచి ఎరగని మనిషి. భుజాన పారో, చేతిలో సద్దిగిన్నో లేకుండా ఊరికే చేతులూపుకుంటూ నడవడమంటే ఆయనకు ఎట్లాగో ఉంటుంది. ఆ మాత్రం ఆమెకూ అర్థమవుతుంది. పదిమంది చూస్తుంటే కట్ట మీద నడవడానికి ఆమెకూ సిగ్గే.

ఒకరోజు వాళ్ల బెంచీ మీద ఎవరో ముసలాయనలు కూర్చుని చప్పట్లు కొడుతూ పెద్దగా నవ్వుతున్నారు. నవ్వడం కూడా వ్యాయామమేనట.

"ఆ ముందటి బెంచీ కాడికి పోదమా నాయినా? చెట్టు నీడున్నది," అంది యమున.

"వద్దు. ఆడ ఎండ కొడ్తది," అని రాజమౌళి గేటు పక్కన అరుగు మీద, సరిగ్గా ఎండలో కూర్చున్నాడు.

యమున ఆయన వైపు చూసింది. ఆయన చూపు చెరువు మీద లేదు, నడిచేవాళ్ల మీదా లేదు. గేటు బయట నిలబడ్డ ఆటోల మీద ఉంది. ఒక ఆటో కదిలింది, ఇంకొకటి కదిలింది. ఆఖరి ఆటో కూడా ఎవరినో ఎక్కించుకుని పోయేసరికి రాజమౌళి లేచి నిలబడ్డాడు. కుడిచేయి అంగీ జేబు మీదికి పోయింది. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని ఇచ్చిన గోలీలు ఆ జేబులోనే ఉంటాయి. ఇంకో ఆటో వచ్చి ఆగేదాకా ఆయన అట్లాగే నిలబడి, అది ఆగాక మెల్లగా కూర్చున్నాడు.

యమునకు అప్పుడు తెలిసింది. సిగ్గు కాదు. నడుస్తుంటేనే కదా ఆ నొప్పి వచ్చింది. నడిస్తే మళ్లీ వస్తుందని, వస్తే ఆటో దొరకదని నాయినకు భయం. ఆ భయాన్ని రోజూ నవ్వు కింద దాచిపెడుతున్నాడు.

మర్నాడు, మంచినీళ్ల సీసా కొనుక్కొస్తానని చెప్పి ఆమె గేటు బయటికి వెళ్లింది. ఆటోలలో ఒకదాని ముందు తెల్లగడ్డం పెద్దమనిషి అద్దం తుడుస్తున్నాడు. యమున ఆయన ముందు నిలబడింది.

"యాడికి బిడ్డా? చౌరస్తా?"

తల అడ్డంగా ఊపింది.

"కొత్తవాడ?"

మళ్లీ ఊపింది.

"మరి మేడారమా? జాతరకు ఇంక శానా టైమున్నది!"

యమునకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతో పాటే మాటలూ వచ్చేశాయి. ముందూ వెనకా లేకుండా, ఒడ్డు మీద పడిపోవడం, స్టెంట్, గుట్ట మొక్కు, ఆటోలు పోతే నాయిన లేచి నిలబడడం, అన్నీ చెప్పేసింది. చెప్పాక భయమేసింది.

నయీముద్దీన్, అది ఆ పెద్దమనిషి పేరు, తుడిచే గుడ్డ మడతపెట్టాడు.

"జర నా మాటిను. మోకాలు ఆపరేషనైనప్పుడు నేను సుత నెలదాక గోడ ఇడిచిపెట్టలే. మనిషికి పట్టుకోనీకె గోడ గావాలె. నేను పొద్దున చాయ్ కట్ట అవతలి కొసకే తాగుత. రేపటిసంది ఆడనే బండి పెడ్త. పైన ఎర్ర టవల్ ఆరేస్త. మీ నాయినకు దూరంకెల్లి కనబడ్తది. ఫికర్ చెయ్యకు."

మర్నాడు బెంచీ దగ్గరికి రాగానే యమున వేలుపెట్టి చూపించింది.

"నాయినా, గా కొసకు ఎర్రగ కనబడుతాంది చూడు. ఆటో. మనకోసమే ఆగింది. ఈడ ఆటోలున్నై, ఆడ గా ఆటో ఉన్నది."

రాజమౌళి ముఖంలో నవ్వు పోయింది.

"నీకెవలు చెప్పిండ్లే?"

"ఎవలు చెప్పలే."

"భయంతోని గాదు బిడ్డా. ఊకెనే..."

"నాకు సుత భయమే నాయినా. నిన్న గా ఆటో ఆయనతోని మాట్లాడినంక ఆడికెల్లి ఉరుకుదమనిపించింది."

రాజమౌళి కూతుర్ని వింతగా చూశాడు. "నువ్వు మాట్లాడినవా? ముక్కుమొఖం తెలువనోనితోని?"

యమున తల వంచుకుంది. రాజమౌళి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"నడువు మరి. గాయన చాయ్ తాగుడు అయిపోతది."

మెల్లగా నడిచారు. సగం దూరంలో రాజమౌళి ఆగాడు. చేయి జేబు మీదికి పోయింది. వెనక్కి చూశాడు, ముందుకు చూశాడు. నీళ్లలో రాయి మీద నీటికాకి ఒకటి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది. దాన్ని చూస్తూ ఊపిరి పీల్చుకున్నాడు. నొప్పి రాలేదు. మళ్లీ కదిలాడు.

"ఏం తమ్మీ, పెండ్లిపిల్లగాని లెక్క గింత నెమ్మదిగనా? నా చాయ్ సల్లారె!" అని అరిచాడు నయీముద్దీన్.

"పెండ్లిపిల్లగాన్నే అన్నా! కొత్త గుండె ఏసిండ్లు!"

ఆ రోజు ఇంటికొచ్చాక అత్త అడిగితే రాజమౌళి, "నడిచిన," అని మాత్రమే అన్నాడు. యమున తలెత్తుకుని ఉప్మా తింది.

తర్వాతి పరీక్షలో డాక్టరు చూసి ఇక మెట్లు ఎక్కొచ్చన్నాడు. శుక్రవారం పొద్దున నయీముద్దీనే ముగ్గురినీ పద్మాక్షి గుట్ట కింద దింపాడు. "ఈడనే ఉంట, పోయిరాండ్లి," అని ఎర్ర టవల్ పైన పరిచాడు. అత్త కొబ్బరికాయ సంచిని కోతులకు కనబడకుండా కొంగు కింద దాచుకుని ముందు నడిచింది.

రాజమౌళి కొన్ని మెట్లు ఎక్కడం, ఆగి కిందికి చూడడం, టవల్ కనబడగానే మళ్లీ ఎక్కడం. యమున ఒక మెట్టు వెనక నడుస్తోంది. సగం ఎక్కాక ఆమె కిందికి చూసేసరికి ఎవరో ఆడమనిషి ఏడ్చే పిల్లను ఎత్తుకుని ఆటో వైపు ఉరికొస్తోంది. నయీముద్దీన్ ఒకసారి గుట్ట వైపు తలెత్తి చూసి బండి తిప్పాడు. ఎర్ర టవల్ మలుపు తిరిగి పోయింది.

యమున నాయినకు కింద రోడ్డు కనబడకుండా అడ్డం వచ్చి నిలబడింది.

"పక్కకు జరుగు బిడ్డా," అన్నాడు రాజమౌళి. "నేను చూసిన."

"మళ్ల వస్తడు నాయినా..."

"పసిపిల్లకు ఏమైందో పాపం. పోనియ్యి. ఆయనకు మనం ఒక్కళ్లమేనా?"

చేయి అలవాటుగా జేబు మీదికి లేచింది. అక్కడే కాస్త ఆగింది. తర్వాత ముందుకు చాచి, "ఆ సంచి ఇటు తే సుకన్యా, నువ్వు రొప్పుతానవ్," అన్నాడు.

అత్త కొంగు కింది నుంచి సంచి తీసి ఇచ్చేసింది.

అమ్మవారికి కొబ్బరికాయ కొట్టాక ముగ్గురూ గాలికి బండ మీదికి వచ్చారు. ఒకవైపు కింద రోడ్డు, ఆటోలు. ఇంకోవైపు ఇళ్లు దాటి దూరంగా భద్రకాళి చెరువు ఎండకు మెరుస్తోంది. యమున చూస్తోంది, నాయిన ఎటు కూర్చుంటాడా అని.

రాజమౌళి కండువాతో బండ దులిపి, రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాడు. కొబ్బరిముక్క కొరికి, చెరువు వైపు చేయి చాపాడు.

"గదేనా మనం నడిచే కట్ట? ఇంత పొడుగున్నదానే?"