నాలో మిగిలిన దానిమ్మ తీగ

నేను ఒక పాత ల్యాప్‌టాప్‌ని. పుట్టినప్పుడు నాకు పెట్టిన పేరులో అక్షరాలకంటే అంకెలే ఎక్కువ, కాబట్టి దానితో మీకు పని లేదు. సముద్రానికి అవతల ఒక కర్మాగారంలో, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చుని నన్ను బిగించారు. ఒక్కొక్కరు ఒక్కో మర మాత్రమే తిప్పారు. నన్ను పూర్తిగా చూసినవాళ్లు వాళ్లలో ఎవరూ లేరు. నా లోపల ఉన్న చోటు నూట ఇరవై ఎనిమిది జీబీ. అమ్మినవాడు "మీ జన్మకి సరిపోద్ది" అన్నాడు. కొన్నవాడు నమ్మాడు.

ఆ కొన్నవాడు విజయవాడలో ఒక కాలేజీ లెక్చరరు. పరిశోధన గ్రంథం రాయడానికి నన్ను తెచ్చుకున్నాడు. నాలుగేళ్లలో పదకొండు పేజీలు రాశాడు. మిగతా చోటంతా ఆయన విహారయాత్రల ఫోటోలతో నిండిపోయింది. ఒకే సూర్యోదయాన్ని పదహారు సార్లు తీసేవాడు, ఎందులోనన్నా సూర్యుడు కళ్లు మూసుకున్నాడేమోనన్న అనుమానం కాబోలు. నేను నెమ్మదించానని విసుక్కుని, చివరికి నన్ను పూర్తిగా తుడిచి, పాత కంప్యూటర్లు అమ్మే దుకాణంలో ఇచ్చేశాడు. అక్కడి నుంచి నన్ను పెడన తీసుకెళ్లింది కాత్యాయని.

పెడన అద్దకాల ఊరు. చెక్కమీద పువ్వులూ తీగలూ చెక్కి, ఆ అచ్చును రంగులో ముంచి గుడ్డమీద అద్దుతారు. కాత్యాయని తండ్రి బొల్లోజు వీరాచారి ఆ అచ్చులు చెక్కే మనిషి. నలభై ఏళ్లలో ఆయన చెక్కిన టేకు అచ్చులు లేని అద్దకం షెడ్డు ఊళ్లో లేదు. నేను వెళ్లేనాటికి ఆయన చేతులు వణకడం మొదలై రెండేళ్లయింది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవారు. ఉలి పట్టుకోవడం మానేశారు. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆ పీట మీద ఇప్పుడు కూతురు కూర్చునేది. చిన్నప్పటి నుంచీ పక్కన కూర్చుని చూసిన పనే. ముప్పై ఆరో ఏట చేతికి తెచ్చుకుంది.

ఒకరోజు ఆమె రహీమున్నీసా అద్దకం షెడ్డుకి వెళ్లింది. రంగు కాగే రాగి కాగు కింద మంట మండుతోంది. ఆ మంటలో సగం కాలిన చెక్క ఒకటి కనిపించింది. మీద తండ్రి చెక్కిన మామిడిపిందె.

రహీమున్నీసా దాచలేదు. "గీతలన్నీ అరిగిపోయినయ్యే కాత్యా. అద్దితే మరకలా పడతంది. పనికిరాని చెక్క పొయ్యికి గాక దేనికి?"

నిజమే. వేల గజాలు అద్దాక ఏ అచ్చయినా అరగాల్సిందే. కాత్యాయని కాసేపు మంట వైపే చూసి, "కాల్చే ముందు నాకొక్క కబురు పెట్టు అక్కా. ఫోటో తీసుకుంటాను. దాన్ని చూసి మళ్లీ చెక్కుకోవచ్చు" అంది.

అలా మొదలైంది. ఊళ్లో ఏ షెడ్డులో అరిగిన అచ్చు బయటపడినా ఆమె ఫోను పట్టుకుని వెళ్లేది. అచ్చును కడిగి, గీతల్లో ముగ్గుపిండి నింపి, ఎండలో పెట్టి తీసేది. మొత్తం తీగ ఒకటి, మూలలు నాలుగు, అడుగు వైపు తండ్రి గుర్తు ఒకటి. ఆ తర్వాత ఆ అచ్చులు పొయ్యిలోకి పోయేవి. ఏడాదిన్నరలో పదకొండు వందల నలభై ఫోటోలయ్యాయి. ఫోను తెర చిన్నది, గీతలు కనపడవు. అందుకని ఫోనునూ నన్నూ ఒకే ఖాతాకి కలిపింది. ఫోనులో తీసింది క్లౌడ్‌కి ఎక్కేది, అక్కడి నుంచి నాలోకి దిగేది. నా తెర మీద ఆమె ఆకులోని ఈనెలు కూడా లెక్కపెట్టుకునేది.

క్లౌడ్ అంటే మబ్బేమీ కాదు. ఎక్కడో చల్లని గదుల్లో వరసలుగా పేర్చిన, నాలాంటివే అయిన పెట్టెలు. ఫోనూ నేనూ ఆ గదికి రెండు కిటికీలం. ఏ కిటికీలోంచి చెయ్యిపెట్టి తీసినా గదిలో ఉన్న వస్తువే పోతుంది. ఈ సంగతి కాత్యాయనికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పే వీలు లేదు.

ఆమె తీసిన ఫోటోలతోపాటు ఇంటి ఫోటోలూ నాలోకి వచ్చి పడేవి. అచ్చుల ఫోటోల్లోనూ సగం మసకబారినవే. పండగ శుభాకాంక్షలు, పక్కింటి దూడ గంతులేసే వీడియోలు. నేను నిండిపోయాను. స్టోరేజీ నిండిందని రోజూ చెప్పేదాన్ని. ఒక బొమ్మ తెరవడానికి కాఫీ కాచుకునేంత సేపు పట్టేది.

బందరులో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసే ఆమె పిన్ని కొడుకు ధనుంజయ ఒక ఆదివారం ఇంటికొచ్చాడు. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఫోటోలన్నీ పైన క్లౌడ్‌లో ఉన్నాయి కదక్కా. మళ్లీ ఇందులో ఎందుకు? తీసెయ్, ఖాళీ అవుద్ది" అన్నాడు.

"పైన ఉంటాయిగా?"

"పైనవి ఎక్కడికి పోతాయి?"

మనుషుల్లో ఒక గుణం చూశాను. తెలియనిది చెప్పేటప్పుడు గొంతులో ఎక్కడలేని ధైర్యం వస్తుంది. ధనుంజయ చెడ్డవాడు కాడు. ఆ అచ్చు ఫోటోలున్న ఫోల్డరు మొత్తం ఎంచుకుని తొలగించమని అడిగింది ఆమె వేలే. నేను చేయగలిగింది చేశాను. ఇవి మీ పరికరాలన్నిటి నుంచీ పోతాయని ఒక పెట్టె ఎత్తి చూపించాను. ఇంగ్లీషులో ఉంది. ఆమె సరేనన్న బొత్తాం నొక్కింది. ఆ బొత్తాన్ని మనుషులు చదివి నొక్కడం నేనింతవరకూ చూడలేదు.

నొక్కాక కూడా నేను తేలికపడలేదు. నిండిందనే చెప్పాను. "మొండి ఘటం" అని నన్ను తిట్టి, మూతేసి పక్కన పెట్టింది. చేతినిండా పనుండి మూడు వారాలు దాటినా మళ్లీ తెరవలేదు.

ఇరవై ఆరో రోజున రహీమున్నీసా వచ్చింది. ఆమె షెడ్డుకి పెద్ద బేరం తగిలింది. పాత చీర ముక్క ఒకటి పట్టుకొచ్చిన బేరగాళ్లకి అందులోని దానిమ్మ తీగ అంచే కావాలట. "మీ నాన్నగారిదే. అచ్చు పోయిన వర్షాకాలంలోనే కాల్చేశాం. నువ్వు ఫోటో తీశావుగా? చెక్కిపెట్టు."

"చీర ముక్క ఏది?"

"వాళ్లు పట్టుకుపోయారు. ఫోటో ఉందిగా అన్నాను నేను."

కాత్యాయని ఫోను తీసింది. పైకీ కిందికీ జరిపింది. దూడ ఉంది. పండగ దీపాలు ఉన్నాయి. అచ్చులు లేవు. నన్ను తెరిచింది. నాలోనూ లేవు. నన్ను మూసి, మళ్లీ తెరిచి చూసింది.

ధనుంజయకి ఫోను చేస్తే, "బ్యాకప్ పెట్టుకోలేదా అక్కా?" అన్నాడు. ఆమె ఫోను పెట్టేసింది.

తండ్రికి చెప్పడానికి సాయంత్రం దాకా పట్టింది. వీరాచారి అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆమె నేల చూస్తూ చెప్పింది. తొలగించింది తానేనని కూడా చెప్పింది. ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత, "కాగితం తెచ్చుకో" అన్నారు.

"ఎందుకు నాన్నా?"

"చెయ్యి పోయింది గానీ తీగ పోలేదుగా. నేను చెప్తాను, నువ్వు గియ్యి."

మర్నాడంతా, ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం దాకా అలా కూర్చున్నారు. ఆయన కళ్లు మూసుకుని చెప్పేవారు. కాడ బొటనవేలంత ఎత్తులో మొదలవుతుంది. మొదటి పండు పగిలి ఉంటుంది, లోపల గింజలు తొమ్మిది. రెండో పండు మొగ్గ విప్పినట్టుంటుంది. ఆమె గీసి చూపిస్తే, "ఇంకొంచెం వంగాలి, బరువుంది పండుకి" అనేవారు.

"ఈ చివర తీగ పక్క అచ్చుతో ఎట్లా కలుస్తుంది?" అని అడిగింది.

"రెండు తీగల్నీ జోడించే ఆకు ఒకటుంది, దాని కింద దూరి కలుస్తుంది. జోడాకు. జాయింటు కనపడదు." ఆయన ముఖంలో అప్పుడు కొంచెం గర్వం కనిపించింది.

దానిమ్మ తీగ కాగితం మీదికి వచ్చింది. కానీ మిగిలినవో? నోటితో చెప్పి గీయించడానికి ఆయనకి ఎన్ని రోజులు కావాలి, ఎన్ని ఉన్నాయి? ఇద్దరికీ తెలుసు.

అప్పుడు వీరాచారి నా వైపు చూశారు. అంతవరకూ ఆయన నన్ను పట్టించుకున్నది లేదు. "నువ్వు తీసేశాక ఇది తేలికైందా?" అని అడిగారు.

"లేదు నాన్నా. ఇంకా నిండే ఉందంటోంది. పాడు సొమ్ము."

"చెక్కలోంచి పొట్టు తీస్తే బరువు తగ్గాలి. తగ్గలేదంటే నువ్వు తియ్యలేదు. ఆ పొట్టు ఇంకా పీట కిందే ఉండుంటుంది. చూడు."

ఆయన జీవితంలో కంప్యూటరు ముట్టుకోలేదు. కాత్యాయని ఒక్క క్షణం ఆయన్ని చూసి, నా ముందు కూర్చుంది. ఈసారి ఒక్కో మాట చదువుకుంటూ వెళ్లింది. తెలియని మాట వస్తే ఫోనులో అర్థం వెతికింది. ఎడమ పక్క చిట్టచివర, ఆమె ఎన్నడూ నొక్కని చోట, ఇటీవల తొలగించినవి అన్న మాట దొరికింది. నొక్కింది.

అన్నీ అక్కడే ఉన్నాయి. పదకొండు వందల నలభై. ఒక్కోదాని కింద చిన్న అక్షరాలతో రెండు రోజులు అని ఉంది. ముప్పై రోజులు నిలిపి ఉంచి, ఆ తర్వాత పూర్తిగా చెరిపేయడం మా పద్ధతి. ఇంకో రెండు రోజులు ఆయన ఆ ప్రశ్న అడక్కపోయి ఉంటే, నేను నిజంగానే తేలికపడి ఉండేదాన్ని.

ఆమె వెనక్కి తెచ్చుకుంది. అంతా అయ్యాక కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వీరాచారి ఆమె తల మీద చెయ్యి వేశారు. ఆ వణికే చెయ్యి అక్కడ కుదురుగానే ఉంది.

ఆ తర్వాత ఆమె ఎవరినీ అడగలేదు, తనే నేర్చుకుంది. అసలు ఫోటోలు పైన ఉండి, నాలో వాటి చిన్న నకళ్లు మాత్రమే ఉండేలా ఒక ఏర్పాటు ఉంది. అది పెట్టింది. విడిగా ఒక హార్డ్‌డిస్కు కొని అసలు ఫోటోలు అందులోకి ఎక్కించి, ఒక్కోటీ తెరుచుకుంటోందో లేదో చూసుకుంది. ఇక మసకబారినవి ఏరివేయాలి. దానికి తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆయన కంటే తెలిసినవాళ్లు లేరు. ఒక్కో ఫోటోకీ ఒక కథ చెప్పేవారు. మధ్యమధ్య మొహమాటం లేకుండా, "ఇది మా మేనమామ గీసిందే, నాది కాదు. నా గుర్తు నేనెట్లా వేసుకున్నానో. పేరు మార్చి రాయి" అనేవారు. "ఇది బాలేదు, తీసెయ్" అనేవారు. ఆమె తీసేది కాదు. ఇద్దరూ పోట్లాడుకునేవారు.

అలా చూస్తుండగా దానిమ్మ తీగ వచ్చింది. వీరాచారి తెర దగ్గరికి వంగారు.

"ఆకేది?"

నిజమే. ఫోటోలోని అచ్చు చివర ఆకు లేదు. తీగ తెగిపోయినట్టు ఆగిపోయింది. రెండు అచ్చులు పక్కపక్కన అద్దితే మధ్యలో వేలెడంత సందు పడుతుంది.

"నేను ఆకు చెక్కానమ్మా. నాకు కళ్లకి కట్టినట్టుంది."

కాత్యాయని మిగతా ఫోటోలన్నీ చూసింది. ఎందులోనూ లేదు. ఆయన ముఖం వాడిపోయింది. చేతులతోపాటు జ్ఞాపకమూ పోతోందనుకున్నారేమో. అప్పటికే ఆమె కాగితాన్ని బట్టి కొత్త అచ్చు చెక్కేసింది, ఆకుతో సహా. దాన్ని తీసుకోవడానికి రహీమున్నీసా వచ్చేసరికి తండ్రీ కూతుళ్లిద్దరూ నా ముందు కూర్చుని ఉన్నారు.

ఆమె తెర చూసింది. కొత్త అచ్చు చూసింది. వేలితో ఆకుని తడిమి నవ్వింది.

"ఆకు మీరు చెక్కలేదు చారిగారూ. నేనేశాను. తీగ కలవట్లేదని అద్దిన ప్రతిసారీ కలంతో ఆ సందులో జోడాకు గీసేదాన్ని. ఇరవై ఏళ్లు గీశాను."

వీరాచారి ఆమెను తేరిపార చూశారు. "నాతో ఎప్పుడూ చెప్పలేదేమమ్మా?"

"పెద్దవారు. మీ చెక్కడంలో తప్పుందని నేనెట్లా చెప్తాను?"

ఇరవై ఏళ్లుగా ఆయన చీరల మీద చూసి, తనదేననుకుని గర్వపడిన ఆకు అది. ఆయన కోప్పడతారేమోనని కాత్యాయని భయపడింది. ఆయన ఆ అచ్చును ఒళ్లోకి తీసుకుని, కూతురితో, "దీని ఫోటో తియ్యి. కింద పేర్లు రాయి. తీగ వీరాచారి. ఆకు రహీమున్నీసా" అన్నారు.

"పాతది తీసెయ్యనా నాన్నా?"

"ఉండనీ. సందు లేకపోతే ఆకు ఎందుకొచ్చిందో ఎవరికి తెలుస్తుంది?"

రహీమున్నీసా అచ్చును చీర కొంగులో చుట్టుకుని, చంకన పెట్టుకుని, షెడ్డు వైపు నడిచింది. ఆ రోజు ఆమె గీయాల్సిన ఆకులేవీ లేవు.

నాకిప్పుడు మూత బందులు వదులయ్యాయి, బ్యాటరీ ఉబ్బింది. నన్ను ఇచ్చేసి కొత్తది తెచ్చుకుంటానని కాత్యాయని అంటోంది. తెచ్చుకోవాల్సిందే. నేను గోడవార బల్ల మీద, చెక్క పొట్టు మధ్య ఉన్నాను. అసలు ఫోటోలు నాలో లేవు, చిన్న నకళ్లే ఉన్నాయి. వాటి కింద పేర్లు మాత్రం చదవగలిగేటంత స్పష్టంగా ఉన్నాయి.