మూడు తెల్లచుక్కలు

ముఖం తుడుచుకునే తువ్వాలుకి మళ్లీ గ్రీజు మరక. మీ పనే అని భార్య, కాదని ఆయన, కాకపోతే ఈ ఇంట్లో నల్లచేతులు ఇంకెవరికున్నాయని మళ్లీ ఆవిడ. ఉద్యోగంలో ఇవాళ ఆఖరి రోజు కదా అనైనా ఒక్క మాట తగ్గలేదు. ఆయనకి అదే బాగుంది. జాలి చూపిస్తే ఇబ్బందిపడేవాడు.

గాజు కార్ఖానాలో ఆయన యంత్రాలకి నూనె పోసే ఆయిలర్. కొలిమిలోంచి వచ్చిన గ్లాసులు ఒక్కసారిగా చల్లబడితే పగిలిపోతాయి. అందుకని వాటిని పొడవాటి సొరంగంలో నత్తనడక నడిపించే పట్టీ ఒకటుంది. రాత్రీ పగలూ ఆగదు. దాన్ని లాగేవి ఒకదాన్నొకటి కరుచుకుని తిరిగే మూడు పళ్లచక్రాలు. ఒకదానికి తొంభై ఏడు పళ్లు, ఒకదానికి నూటొకటి, ఇంకోదానికి నూటమూడు. నిమిషానికి ఒక్క పన్ను జరుగుతుంది.

పాత మేస్త్రీ ఏరికోరి పెట్టించిన లెక్క అది. అంతకుముందెవరో నూరు పళ్లదాన్నీ యాభై పళ్లదాన్నీ జతచేస్తే, ఎప్పుడూ అవే పళ్లు రాసుకుని ఏడాదికే అరిగిపోయాయి. ఈ మూడూ అలా కాదు. ఒకటీ, తామూ తప్ప మరే అంకెకీ లొంగని మొండివి. ఒక్కోదాని మీద ఒక్కో తెల్లచుక్క పెట్టి, మూడు చుక్కలూ ఒకే వరసలో ఉండగా వదిలితే, మళ్లీ అలా కలవడానికి పది లక్షల తొమ్మిదివేల తొంభై ఒక్క పళ్లు జరగాలి. అంటే రెండేళ్లకి నెల తక్కువ. ఆ సంఖ్యని రెండు మొదలు తొంభై ఆరు దాకా దేనితో భాగించినా ఏదో ఒకటి మిగిలిపోతుంది. తీరిక దొరికితే గచ్చు మీద సుద్దముక్కతో భాగించి చూసి, ఇంకా లొంగలేదని మురిసిపోయేవాడు. మన చుట్టాలూ అంత అరుదుగా కలిస్తే ఎంత బాగుండునో అనేది భార్య.

ఈసారి చుక్కలు కలిసేది ఆరు వారాల తర్వాత. అప్పటికి ఆయన పనిలో ఉండడు. రంగు దిద్దేవాళ్లు లేక చుక్కలు మాసిపోతే, అవి కలిసినా ఎవరికీ తెలియదు. ఆ మాట అదే కార్ఖానాలో ప్యాకింగు చేసే కూతురితో ఒకసారి అన్నాడు, అంతే.

సాయంత్రం పళ్ల సందుల్లో మసి తుడిచి, చుక్కలకు కొత్త రంగు వేశాడు. ఫోర్‌మన్ చెయ్యి కలిపాడు. గేటు దాటాక వెనక్కి చూడకూడదనుకున్నాడు. చూశాడు.

భోజనాల దగ్గర కూతురు మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"నాన్నా, సోమవారం నుంచి చక్రాల దగ్గర నేనే. అడిగాను, ఇచ్చారు."

"శుభ్రమైన పని వదిలి మసిలోకి దేనికే?" అంది తల్లి.

"ఎక్కాలకంటే ముందు నాన్న నాకు నేర్పింది ఆ అంకేనమ్మా. అది కలవడం నేను చూడొద్దా?" ఆ రోజుకి నాన్నని లోపలికి పంపమని గేటు దగ్గర చెప్పి ఉంచానని కూడా అంది.

ఆయన చేతిలోని ముద్ద కంచంలో పెట్టాడు. కుర్చీలో నిటారుగా సర్దుకుని, పనివాడు పనివాడితో మాట్లాడినట్టు అన్నాడు: "నూటమూడు పళ్లదానికి దాహం ఎక్కువ. ముందు దానికి పొయ్యి."

ఆ వేళకి కార్ఖానాలో చక్రాల పక్కన గోడమేకుకి, ఆయన పిడికిలి మేరకే పిడి అరిగిన నూనెడబ్బా వేలాడుతూ ఉంది.